డోర్ వదలడం కూడా నేర్వాలి

 

మాది కృష్ణా జిల్లా మెట్ట. 2022లో జిల్లాలు విడగొట్టాక ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, మా నోటికి ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది. జగ్గయ్యపేటలో పుట్టాను. నందిగామలో ముప్ఫై ఏళ్ళకు పైగా సైన్సు మేష్టరుగా చేసి రిటైరయ్యాను. మా వైపు మిర్చి ఉంది, పత్తి ఉంది, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ఉంది. నీళ్ళంటే పాలేరు, మునేరు, అటు ముక్త్యాల దగ్గర కృష్ణమ్మ. సమందర్ మాత్రం లేదు. సమందర్ చూడాలంటే బందరు దాటి మంగినపూడి పోవాలి, లేదంటే బాపట్ల పోయి సూర్యలంక చూడాలి. అలాంటి మా ఇంట్లో మొన్నామధ్య సమందర్ మీద పతంగ్ ఎగరేయడం గురించి పెద్ద పంచాయితీ నడిచింది. ఆ ముచ్చటే ఇది.

మా తమ్ముడిది నందిగామ బస్టాండు దగ్గర దర్జీ దుకాణం. వాడి కొడుకు దుబాయ్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాడు. ఇరవై ఆరేళ్ళు నిండాయి. నెలనెలా డబ్బు పంపిస్తాడు, ఫజర్ వదలడు, ఫోన్ చేస్తే ముందు వాళ్ళ అమ్మీ మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతాడు. ఏ ఫిర్యాదూ లేని పిల్లాడు. ఒక ఆదివారం రాత్రి వాడు ఇంటి గ్రూపులో వీడియో పెట్టాడు. అక్కడ కైట్ బీచ్ అని ఒక ఒడ్డు ఉంది. నీళ్ళ మీద మనుషులు పలక మీద నిలబడి, నడుముకు కట్టుకున్న పెద్ద పతంగ్ లాగుతుంటే దూసుకుపోతున్నారు. ఒకడు ఎగిరి రెండు మూడు మనుషుల ఎత్తు లేచి మళ్ళీ నీళ్ళ మీద దిగాడు. కింద మావాడు రాశాడు: "ఇది నేర్చుకుందామనుకుంటున్నా. దోస్త్ దగ్గర పాత సామాను ఉంది."

పది నిమిషాల్లో మా తమ్ముడి దుల్హన్ ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. "భాయ్ సాబ్, మీరు చెప్పండి వాడికి. మీ మాటైతే వింటాడు. ఆ ఇంట్లో పతంగ్ పేరెత్తకూడదని వాడికి తెలీదా?"

తెలుసు. మా ఖాందాన్‌లో పిల్లలందరికీ తెలుసు. ఎందుకో మాత్రం పూర్తిగా ఎవరికీ తెలీదు. ఇద్దరికి తప్ప.

1976 సంక్రాంతి. నాకు పద్నాలుగేళ్ళు, తమ్ముడికి పది. పండగ మనది కాకపోయినా పతంగ్ అందరిదీ. పేటలో మా వీధి పిల్లలు, బజారు పిల్లలు అందరూ డాబాల మీదే ఉండేవాళ్ళు. వారం ముందు నుంచే గాజు పెంకులు నూరి, అన్నం గంజిలో కలిపి, రంగు వేసి, రెండు కరెంటు స్తంభాల మధ్య దారం లాగి మాంజా పూసేవాళ్ళం. కన్నీలు కట్టడంలో నన్ను మించినవాడు లేడని నా గుమాన్. మా తెలుగు దోస్తులు వాటిని సూత్రం అనేవాళ్ళు. సూత్రం కుదరకపోతే ఎంత మంచి పతంగ్ అయినా గిరగిరా తిరిగి నేలకు కొట్టుకుంటుంది.

ఆ రోజు అసర్ తర్వాత వెనకింటి సేటు గారి డాబా ఎక్కాం. దానికి పిట్టగోడ లేదు. చర్ఖీ నా చేతిలో, డోర్ తమ్ముడి చేతిలో. బజారు వైపు నుంచి ఒక నల్ల పతంగ్ వచ్చి మా దాంతో పేచ్ పడింది. వాళ్ళు ఢీల్ ఇస్తున్నారు, మావాడు ఖీంచుతున్నాడు. ఖీంచుతూ వెనక్కి నడుస్తున్నాడు. కళ్ళు ఆస్మాన్‌లో ఉన్నాయి. నా కళ్ళూ అక్కడే ఉన్నాయి. గాలి ఒక్కసారి ఎక్కువైంది. వాడి చేతులు పైకి లేచాయి. "భాయ్, తెగేట్టుంది" అన్నాడు. నేను గొంతు చించుకుని అరిచాను. "ఛోడ్ నక్కో రే! ఛోడ్ నక్కో! ఖీంచ్!"

వాడు వదల్లేదు. ఇంకో రెండు అడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగుకు కింద డాబా లేదు.

కింద కట్టెల మోపు మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. మేం దిగి వెళ్ళేసరికి కూడా వాడి వేళ్ళకు మాంజా చుట్టుకునే ఉంది, చర్మం తెగి ఎముక దాకా దిగింది. ముందు ఊళ్ళోనే కట్టు కట్టించారు. తర్వాత బెజవాడ తీసుకెళ్ళారు గానీ అప్పటికే ఆలస్యమైంది. ఎడమ కాలు రెండు వేళ్ళ మేర పొట్టిగా మిగిలిపోయింది. ఈ రోజుకీ మిషను కుడి కాలితోనే తొక్కుతాడు. ఆ కాలి వల్లే స్కూలు ఆగింది, ఆ కాలి వల్లే దర్జీ పనిలో కూర్చున్నాడు. నేను చదువుకుని మేష్టర్నయ్యాను.

"ఛోడ్ నక్కో" అన్నది నేనని అబ్బాకి చెప్పలేదు. అమ్మీకి చెప్పలేదు. నా బీవీకి పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు చెప్పాను. తమ్ముడితో ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

ఇప్పుడు వాడి కొడుక్కి నేను చెప్పాలట, పతంగ్ ముట్టుకోవద్దని.

ఆ రాత్రంతా ఆలోచించాను. వద్దంటే మానేస్తాడు, మా మాట కాదనడు. లేదంటే మాకు చెప్పకుండా చేస్తాడు. రెండోదే నాకు ఎక్కువ భయం. ముప్ఫై ఏళ్ళు పిల్లల మధ్య బతికినవాణ్ణి. ఇంట్లో వద్దన్న పిల్లలు ఈత మానరు, ఎవరూ చూడని రేవు వెతుక్కుంటారు. 2022 జనవరిలో చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర మునేరులో దిగిన అయిదుగురు పిల్లలు తిరిగి రాలేదు. అది సంక్రాంతి సెలవుల రోజుల్లోనే. ఆ వారం మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ పండగ ముఖాలు లేవు. మా దుబాయ్ పిల్లాడు కూడా కీసర దగ్గర మునేరులోనే ఈత నేర్చాడు. అదీ మాకు చెప్పకుండానే. అది గుర్తొచ్చి లేచి కూర్చున్నాను.

మర్నాడు వాడికి ఫోన్ చేశాను. "బేటా, వద్దనను. కానీ నేను అడిగే సవాళ్ళకు జవాబులు చెప్పాలి. చెప్పలేనివి ఎవరి దగ్గరైనా నేర్చుకుని వచ్చి చెప్పాలి. అన్నీ అయ్యేదాకా నీళ్ళలో దిగొద్దు. ఇదే ఇజాజత్."

"పరీక్షా బడే అబ్బా?" అని నవ్వాడు.

"పరీక్షే."

పరీక్ష పెట్టేవాడికి ముందు తెలియాలి కదా. రెండు వారాలు కూర్చుని చదివాను, వీడియోలు చూశాను. మేష్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? మన పతంగ్ తోనే దాన్ని అర్థం చేసుకున్నాను. మీ ఇళ్ళల్లోనూ గల్ఫ్‌లో పిల్లలుంటారు, వాళ్ళూ ఎప్పుడో ఇలాంటి వీడియో పంపుతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ పతంగ్ పన్నెండు చదరపు మీటర్ల దాకా ఉంటుంది. గాలి ఎక్కువుంటే తొమ్మిదో, ఏడో వాడతారు. పదకొండు చదరపు మీటర్లంటే మా తమ్ముడి దుకాణం ఎంతో అంత. పది బై పన్నెండు అడుగుల దుకాణం చప్టాను గుడ్డ చేసి గాలిలోకి లేపినట్టు అనుకోండి. దానికి నాలుగైదు డోర్లు, ఒక్కోటి ఇరవై నుంచి పాతిక మీటర్ల పొడవు. అవన్నీ చేతిలో పట్టుకునే ఒక కడ్డీకి చేరతాయి. ఆ కడ్డీ నడుముకు కట్టిన పట్టాకు తగులుకుంటుంది. అంటే లాగేది చేతుల్ని కాదు, మొత్తం ఒంటిని. పతంగ్ అంచులో గాలి కొట్టిన గొట్టం ఉంటుంది, సైకిల్ ట్యూబులాగా. దాని వల్ల నీళ్ళలో పడ్డా మునగదు, మళ్ళీ లేస్తుంది. ఫ్రాన్సులోని బ్రిటనీ తీరం వాళ్ళు బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే ఇద్దరు అన్నదమ్ములు దీనికి 1984లో పేటెంటు అడిగారు. మన 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు మెడల్సు కూడా ఇచ్చారు, పోటీలు మార్సెయి సముద్రంలో జరిగాయి. మన దేశంలోనూ రామేశ్వరం వైపు దీన్ని నేర్పేవాళ్ళున్నారు. అంటే ఇది పిచ్చి షౌక్ కాదు, నేర్చుకునే ఇల్మ్. ఇల్మ్ అన్నాక ఉస్తాద్ ఉండాలి.

నా మొదటి సవాల్ అదే. "ఉస్తాద్ ఎవరు?"

"దోస్త్ నేర్పుతానన్నాడు."

"దోస్త్‌కి ఎవరు నేర్పారు?"

జవాబు రాలేదు. దోస్త్ యూట్యూబ్ చూసి నేర్చాడట. సామాను ఎవరో ఊరెళ్ళిపోతూ అమ్మేసినదట. కొత్తవాడికి పాత సామాను ఖతరా. డోర్లు లోపల అరిగి ఉంటాయి, ఒకటి కొంచెం సాగి పొడవైతే పతంగ్ ఒక పక్కకే తిరుగుతుంది. వదిలేసే కొక్కెంలో ఇసుకా ఉప్పూ పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. "రెండు నెలలు ఆగు. డబ్బు కూడబెట్టి పద్ధతిగా నేర్పేవాళ్ళ దగ్గర చేరు. సగం నేనిస్తా" అన్నాను. "మీరెందుకు ఇవ్వడం?" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

రెండో సవాల్: "గాలి ఎటు నుంచి ఎటు?"

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒడ్డు మీద నిలబడితే గాలి మన వీపు వైపు నుంచి సమందర్‌లోకి వీస్తోందా, ఆ రోజు ఇంటికి పోవాలి. పతంగ్ చెడినా, ఓపిక అయిపోయినా ఆ గాలి నిన్ను లోపలికే తీసుకుపోతుంది. ఒడ్డు దగ్గర నీళ్ళు ప్రశాంతంగా, ముద్దుగా కనిపిస్తాయి. మోసపోయేది అక్కడే. సమందర్ నుంచి తిన్నగా ఒడ్డుకు కొట్టే గాలి కూడా కొత్తవాడికి మంచిది కాదు, ఎత్తి గోడకో జనానికో కొట్టేస్తుంది. ఒడ్డు వెంట పక్కగా, కాస్త ఒడ్డు వైపు వాలి వీచే గాలి మేలు. దుబాయ్ ఒడ్డు వాయవ్యానికి తిరిగి ఉంటుంది. మధ్యాహ్నం దాటాక గాలి సాధారణంగా సమందర్ వైపు నుంచే వస్తుంది. అక్కడి పెద్ద గాలిని షమాల్ అంటారు. మన ఉర్దూలో షుమాల్ అంటే ఉత్తరం కదా, అదే మాట.

మూడోది: "గాలి రెండింతలైతే లాగుడు ఎన్నింతలు?"

"రెండింతలు" అన్నాడు. తొమ్మిదో తరగతిలో వాడికి నేనే చెప్పిన పాఠం. తలకాయ కొట్టుకున్నాను. నాలుగింతలు! గంటకు 20 కిలోమీటర్ల గాలిలో హాయిగా ఆడుతున్నవాడికి గాలి 40 అయిందంటే నాలుగు పతంగులు కట్టుకున్నట్టే. అందుకే గాలి ఎంతుందనే కాదు, ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చూడాలి. దూరంగా నల్లమబ్బు కనిపించినా, ఉరుము వినిపించినా, ఒక్కసారి చల్లగాలి తగిలినా బయటికి వచ్చేయాలి. మబ్బు ముందర వచ్చే ఆ ఊపు గాలే మనుషుల్ని ఎత్తేస్తుంది. సేటు గారి డాబా మీద మా తమ్ముడి చేతుల్ని లేపింది కూడా అలాంటి ఊపే.

నాలుగోది: "గాలికి దిగువన ఏముంది?" పతంగ్ లేపే ముందు, నువ్వు జారితే ఎటు ఈడ్చుకుపోతావో అటు చూడాలి. కనీసం రెండు డోర్ల దూరం, అంటే ఏభై మీటర్ల దాకా మనుషులు, రాళ్ళు, స్తంభాలు, గోడలు, కరెంటు తీగలు ఉండకూడదు. ఒడ్డు మీద పతంగ్‌ని నెత్తి మీద నిలబెట్టి కబుర్లు చెప్పకూడదు. పైన ఉన్న పతంగ్ ఊపు వస్తే పైకే ఎత్తుతుంది. లేపడానికి సాయం పట్టేవాడికి కూడా పని తెలిసి ఉండాలి. దారినపోయే వాడి చేతికి ఇవ్వకూడదు.

అయిదోది: "డోర్లు ఎవరు చూస్తారు?" ఎడమది ఎడమకీ కుడిది కుడికీ తగిలించావో లేదో ప్రతిసారీ చేత్తో తడిమి చూడాలి. తారుమారైతే పతంగ్ లేవగానే తిరగబడి గింగిరాలు కొడుతుంది. సూత్రం తప్పిన పతంగ్ ఎలా ఉంటుందో మనకు తెలిసిందే, దానికి మనిషి కట్టి ఉన్నాడనుకోండి. ఇంకో మాట. ఆ డోర్‌ని వేలికి గానీ చేతికి గానీ ఎప్పుడూ చుట్టకూడదు. ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు వాడు మధ్యలో నవ్వలేదు. వాళ్ళ అబ్బా కుడి చెయ్యి చూసి పెరిగినవాడు.

ఆరోది: "ఒంటి మీద ఏముంటుంది?" నెత్తికి హెల్మెట్. నీళ్ళలో తేలే, దెబ్బ ఆపే జాకెట్. చుట్టుకున్న డోర్ కోయడానికి కొక్కెం లాంటి చిన్న కత్తి. ఈత బాగా రావాలి. మునేరు ఈత వేరు, సమందర్ ఈత వేరు.

ఏడోది: "ఒడ్డు మీద నీకోసం చూసేదెవరు?" ఒక్కడే పోకూడదు. ఎన్నింటికి దిగుతున్నావో, ఎన్నింటికి బయటికొస్తావో ఒకరికి చెప్పాలి. మగ్రిబ్ దగ్గర పడ్డాక నీళ్ళలో ఉండకూడదు. అలసిపోయాక కాదు, అలసిపోకముందే రావాలి. అక్కడి అత్యవసర నంబరు 999 ఒడ్డున ఉన్నవాడికి తెలిసి ఉండాలి.

ఎనిమిదోది: "లోపల పతంగ్ పడిపోయి లేవకపోతే?" "ఈదుకుంటూ వచ్చేస్తా" అన్నాడు ఠక్కున. అది గల్తీ. ఒంటరి మనిషి తల అలల మధ్య ఎవరికీ కనపడదు. పతంగ్ తేలుతుంది, దూరానికి కనిపిస్తుంది, పట్టుకుంటే మనల్నీ తేలుస్తుంది. ముందు డోర్లను కడ్డీకి చుట్టుకుంటూ, వాటిలో చిక్కుకోకుండా పతంగ్ దాకా చేరాలి. దాన్ని పట్టుకుని తెరచాపలా గాలికి ఎత్తి ఒడ్డుకు రావాలి. ఇది నేర్పే ఉస్తాదులు మోకాళ్ళ లోతులో చాలాసార్లు చేయిస్తారు. చేయించని ఉస్తాద్ దగ్గర నేర్వొద్దు.

తొమ్మిదో సవాల్ అడగడానికి నాకు మూడు రోజులు పట్టింది.

"ఎలా వదలాలి?"

దీని గురించి చదివినప్పుడు నాకు చెమట పట్టింది. ఆ ఆటలో మొట్టమొదట నేర్పేది ఎగరడం కాదు, వదలడం. మూడు మెట్లుగా నేర్పుతారు. మొదటిది, చేతిలో కడ్డీని వదిలేయడం. వదిలితే కడ్డీ దూరం జరుగుతుంది, పతంగ్‌లో గాలి చాలావరకు పోతుంది. అయినా లాగుతుంటే రెండోది. నడుము దగ్గర కొక్కెం విప్పేసే బొత్తాం ఒకటుంటుంది, తోస్తే ఊడి, పతంగ్ ఒక్క డోర్ మీద జెండాలా వాలి చచ్చుబడుతుంది. అప్పటికీ ఆగకపోతే, ఇంకొకరి డోర్లలో చిక్కుకుపోతే మూడోది. ఆ చివరి డోర్‌ని కూడా వదిలేసి, పతంగ్ పోతే పోయిందని తేలడం. వేల దిర్హాముల సామాను. పోనీ. జాన్ కన్నా పతంగ్ పెద్దది కాదు.

కష్టం ఎక్కడంటే, భయపడ్డ మనిషి చెయ్యి తెరుచుకోదు, బిగుసుకుంటుంది. కడ్డీని గట్టిగా పట్టుకుని తనవైపు లాక్కుంటాడు. అలా లాక్కుంటే పతంగ్ ఇంకా గాలి పడుతుంది, ఇంకా లాగుతుంది. లాగేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పట్టుకోవడం వల్ల, వదలకపోవడం వల్ల.

మనం పతంగ్‌తో పాటు పిల్లలకు నేర్పినదేమిటి? వదలొద్దు. వదిలినవాడు ఓడిపోయినవాడు. డోర్ వదిలేస్తే వీధంతా నవ్వుతుంది. తెగిన పతంగ్ వెనక పరిగెత్తడం కూడా బహాదురీయే. ముందు వదలడం నేర్పి ఉంటే మా తమ్ముడికి రెండు కాళ్ళూ సమానంగా ఉండేవి.

పిల్లాడు డబ్బు కూడబెట్టుకుని చేరాడు. మూడో క్లాసు రోజు రాత్రి ఫోన్ చేశాడు. గొంతులో హుషారు లేదు. "బడే అబ్బా, ఇవాళ గాలి ఊపు వచ్చింది. ఉస్తాద్ వదులు వదులు అని అరుస్తున్నాడు. నా చెయ్యి రాలేదు. తెలుసు, మీకు జవాబు కూడా చెప్పాను, అయినా రాలేదు. నీళ్ళలో పాతిక మీటర్లు ఈడ్చింది. ముక్కుల్లోకి ఉప్పునీళ్ళు పోయాయి. చివరికి వదిలాను." కాసేపాగి, "అబ్బాకి చెప్పకండి" అన్నాడు.

మా ఇంట్లో చెప్పకుండా దాచిన మాటలు చాలు అనిపించింది నాకు. "మీ అబ్బాకి నేనే చెప్తా. నీ సంగతీ చెప్తా, నా సంగతీ చెప్తా" అన్నాను.

అసర్ చదువుకుని దుకాణానికి పోయాను. తమ్ముడు కాజాలు కుడుతున్నాడు. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. పిల్లాడి సంగతి చెప్పాను. విన్నాడు. తర్వాత, దాదాపు ఏభై ఏళ్ళ తర్వాత, ఆ మాట అన్నాను. "ఆ రోజు డాబా మీద ఛోడ్ నక్కో అని అరిచింది నేను. నువ్వు వదిలేద్దామనుకున్నావు."

వాడు సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టాడు. "నువ్వు అరిచావా? నాకు వినపళ్ళేదు భాయ్. గాలి హోరు. నేనే వదల్లేదు. నీ చేత్తో కట్టిన పతంగ్ అది, పోతే నువ్వు తిడతావని."

నిజమే చెప్పాడో, నా బరువు దించడానికి చెప్పాడో నాకు తెలీదు. అడగలేదు. వాడు మళ్ళీ సూది తీసుకుని అడిగాడు. "దాంట్లో వదిలేసే వీలుందన్నావు కదా. పిల్లాడికి చెయ్యి అలవాటయిందా?"

"అలవాటు చేయిస్తున్నారు."

"ఇంకో వంద సార్లు చేయించమను. ఆ తర్వాత ఎగరమను."

దుల్హన్ ఇంకా ఒప్పుకోలేదు. "అల్లాహ్ మీద భారం వేసి మానేయమంటే సరిపోదా?" అంటుంది. తవక్కుల్ అంటే ఒంటెను కట్టేసి ఆ తర్వాత భరోసా పెట్టుకోవడమని మనందరం జుమ్మా బయాన్లలో విన్నదే. ఒంటి జాన్ మనకు అమానత్. అమానత్‌ని బీరువాలో పెట్టి తాళం వేయడం ఒక హిఫాజత్, దాన్ని ఎలా వాడాలో నేర్చుకుని వాడడం ఇంకో హిఫాజత్. ఏది మేలో ఆమెకు నేను చెప్పలేను. ఆమె తల్లి.

ఇక మన ఊళ్ళో పిల్లల సంగతి. దుబాయ్ దూరం, సంక్రాంతి దగ్గర. పిట్టగోడ లేని డాబా మీదికి పిల్లల్ని పంపకండి. ఎక్కితే ఒక పెద్దవాడు పతంగ్‌ని కాకుండా పిల్లల కాళ్ళను చూస్తూ ఉండాలి. పొలంలో, ఖాళీ మైదానంలో ఎగరేయడం ఇంకా మంచిది. నైలాన్ మాంజా, గాజు పూసిన మాంజా కొనొద్దు. 2017 జులైలోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, అయినా చాటుగా దొరుకుతూనే ఉంది. 2024 జనవరిలో హైదరాబాద్ లంగర్‌హౌజ్ దగ్గర బండి మీద పోతున్న ఒక ఫౌజీ మెడకు ఆ మాంజా కోసుకుని ప్రాణం పోయింది. సాదీ నూలు దారంతో పేచ్ వేయండి, తెగేది పతంగే, మెడ కాదు. కరెంటు తీగకు చిక్కిన పతంగ్‌ని కర్రతో గానీ ఇనప ఊచతో గానీ లాగనివ్వకండి. తడి దారంలోంచి కూడా కరెంటు వస్తుంది. అక్కడ కూడా మాట ఒకటే, వదిలేయడం. అయిదు రూపాయల కాగితం.

మునేరు, పాలేరు దగ్గర కూడా. రేవు తెలిసిన పెద్దవాడు లేకుండా పిల్లలు దిగకూడదు. నిన్నటి లోతు ఇవాళ ఉండదు. వానొస్తే ఏరు ఎంత మారుతుందో 2023 జులైలో ఐతవరం దగ్గర హైవే మీదికి మునేరు వచ్చినప్పుడు మనం కళ్ళారా చూశాం. ఒకడు మునుగుతుంటే ఈత సరిగా రానివాడు దూకకూడదు. చున్నీ, తాడు, కొమ్మ, ఖాళీ క్యాను, ఏది దొరికితే అది అందించాలి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం చేయొద్దు. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇస్తూ, రొమ్ము మధ్యలో నొక్కుతూ 108 వచ్చేదాకా ఆపకూడదు. ఇది ఒక్కపూటలో నేర్చుకునే పని. మస్జిద్ కమిటీలు, స్కూళ్ళు తలుచుకుంటే ఒక ఆదివారం పెట్టించొచ్చు.

నిన్న పిల్లాడు ఇంకో వీడియో పంపాడు. ఎగిరేది కాదు. నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు, పైన ఎర్ర పతంగ్ నిండుగా ఉంది. వెనక నుంచి ఎవరో అరవగానే చేతులు రెండూ తెరిచాడు, బొత్తాం తోశాడు. పతంగ్ ఒక్కసారి ఒరిగి నీళ్ళ మీద వాలింది. మొత్తం మూడు సెకన్లు. దుకాణంలో తమ్ముడికి చూపించాను. కళ్ళజోడు పైకి జరుపుకుని మూడుసార్లు చూశాడు.

"బాగా వదిలాడు" అన్నాడు.

మా పిల్లాడికీ, దూరదేశాల్లో ఉన్న మీ పిల్లలకూ దువా చేయండి. మా తమ్ముణ్ణి కూడా దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.